ఎనిమిదిలో రెండు ఖాళీ

ఏన్కూరు,
8 జూలై 2024, సోమవారం.

ఈ రోజు పనులు: వాకిలి ఊడ్వడం, అయింది. మీ అన్నకు డబ్బా కట్టడం, అయింది. బట్టలు పద్దెనిమిది, రెండు దుప్పట్లు కాక. ఉతికాను, వాన వల్ల ఆరలేదు. మినప్పప్పు నానబోశాను. కందులు ఒక చాటెడు చెరిగాను. నువ్వు బస్సులో పంపిన పెట్టె విప్పడం ఒకటి సగంలో ఉంది. విప్పాను, లోపలున్నదాన్ని ఏంచేయాలో తెలియక మళ్ళీ మూశాను.

అక్సా,

మీ వదినను. నీ బడి దగ్గర ఫోను మోగాలంటే నువ్వు గుట్ట ఎక్కాలి. నువ్వు గుట్ట ఎక్కే వేళకు నేను పొయ్యి దగ్గర ఉంటాను. అందుకని ఉత్తరమే మేలు. పైగా ఫోనులో అరిచి మాట్లాడితే మీ అన్న వింటారు. ఈ సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు.

మే సెలవుల్లో నువ్వు మా ఇంట్లో కూర్చుని నాలుగు తీగల ఆ బుల్లి గిటారు, యుకులేలే, వాయిస్తుంటే "ఎంత చిన్నగా ఉందో" అన్నాను. అంతకుమించి ఏమీ అనలేదు. నువ్వేమో నీ పాతదాన్ని గుడ్డలో చుట్టి పంపేశావు. అది శుక్రవారం చేరింది. చేరకపోయినా బాగుండేది, ఎందుకంటే ఆదివారం నా నోరు జారింది.

ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం కూర్చున్నాం. కీబోర్డు వాయించే మాస్టారికి బదిలీ అయింది కదా. నవంబరులో కోత పండుగ నాడు మన పాటకు ఎవరు వాయిస్తారని మాట వచ్చింది. అధ్యక్షురాలు విశ్రాంతమ్మ "ఖమ్మం నుంచి మనిషిని పిలిపిద్దాం, మనల్ల ఎవలకొస్తది?" అంది. ఆమె అన్నది మామూలుగానే. నాకే ఎక్కడో తగిలింది. "నేను వాయిస్తా" అన్నాను. అందరూ నా వంక చూశారు. "నువ్వా? ఏంది వాయించేది, చాటనా?" అంది విశ్రాంతమ్మ. నవ్వారు. నేనూ నవ్వాను. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

నేనీ సంఘానికి కోడలిగా వచ్చి ఇరవై ఆరేళ్ళు. ప్రతి పండుగకూ పాటల వరసలో నిలబడతాను. అయినా ఆ మందిరంలో నా నుంచి ఒక్క చప్పుడు బయటికి రాలేదు. ఎందుకో నీకు తెలుసు. ఈసారి రావాలి. నాకు కావలసింది అంతే.

పెట్టెలో నువ్వు పెట్టిన కాగితం సగం అర్థం కాలేదు. మొదటి నుంచి, వరస ప్రకారం రాయి. ఏ వేలు, ఏ తీగ, ఎన్నిసార్లు. "మనసుకు తోచినట్టు" అనే మాట ఎక్కడా రాయొద్దు.

మీ వదిన,
పుష్పలత

*

టేకులపల్లి దాటి, అడవిలో, బడి క్వార్టరు నుంచి,
19 జూలై.

సంఘానికి కొత్త వాద్యకారిణి అయిన మా వదినగారికి,

నవ్వి నవ్వి కడుపు నొచ్చింది. చాటనా అని అడిగిందా విశ్రాంతమ్మ! చాట పట్టుకుని కూర్చుని ఉంటే ఆమెకు బాగా బుద్ధొచ్చేది.

సరే, వరస ప్రకారం. పసిపిల్లను ఎత్తుకున్నట్టు దాన్ని ఛాతీకి ఆనించుకో. పాలు మాత్రం పట్టకు. ఎడమ చేతి ఉంగరం వేలితో అన్నిటికన్నా కిందున్న తీగను మూడో గడిలో నొక్కు. దీన్ని సి అంటారు. ఒక్క వేలు పని. ఇంకొకటి ఎఫ్, అది రెండు వేళ్ళ పని, వచ్చే ఉత్తరంలో చెబుతా. మన కోత పాటకు ఈ రెండూ చాలు.

ఇక కుడి చెయ్యి. చూపుడు వేలు. కిందికి పోయేటప్పుడు గోరు తగలాలి, పైకి వచ్చేటప్పుడు వేలి మెత్తని భాగం తగలాలి. మోచెయ్యి ఊపకు, మణికట్టు తిప్పు. గిన్నెలు కడిగి చెయ్యి మీది నీళ్ళు విదిలిస్తావు చూడు, అట్లా. కొట్టే వరస ఇది:

కింద, కింద పైన, పైన కింద పైన.

ఆరు దెబ్బలు. ఇదే మళ్ళీ మళ్ళీ. ఇది వస్తే సగం లోకం పాటలు వచ్చినట్టే. మా వంటమనిషి పుల్లమ్మ నేను వాయిస్తుంటే "గింత బుడ్డదాన్ని పట్టుకొని ఆ గోకుడేంది టీచరమ్మా, దానికి దురదనా" అంటుంది. నువ్వు అటువంటి మాటలు పట్టించుకోకు.

చప్పుడు ఎందుకు రాలేదో నాకు తెలుసన్నావు. నాకేం తెలుసు? ఆలోచిస్తే అసలు నీ గొంతు పాటలో ఎట్లా ఉంటుందో నాకు గుర్తే రావడం లేదు.

నీ ఆడబిడ్డ,
అక్సా

*

ఏన్కూరు,
12 ఆగస్టు, సోమవారం.

ఈ రోజు పనులు: ఇల్లు తుడవడం. దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు. ఎండ వచ్చింది కాబట్టి పోపు గింజలు ఆరబెట్టాను. వాయించడం ముప్పై వరసలు.

అక్సా,

ముప్పై అన్నది ఉజ్జాయింపు కాదు. నోటుపుస్తకంలో ఆరు నిలువు గళ్ళు గీశాను. కింద, కింద, పైన, పైన, కింద, పైన. దెబ్బ పడితే టిక్కు. వరస పూర్తయితే తర్వాతి గీతలోకి. కిందివి మూడు, పైవి మూడు, సరిపోయింది. సరిపోయిన లెక్క చూస్తే నాకు నమ్మకం కుదురుతుంది. మొదటి వారంలో రోజుకు పది వరసలు, ఇప్పుడు ముప్పై. తప్పిన దెబ్బలు ఈ వారం నాలుగే.

ఫోనులో వీడియోలు ఉంటాయి, చూడొచ్చు కదా అంటావేమో. చూశాను. అందులో ఒకాయన నవ్వుతూ "చాలా ఈజీ" అన్నాడు. అంతటితో మూసేశాను.

మీ అన్నకు తెలిసిపోయింది. ఊళ్ళో కరెంటు పోతే ఆయన ఇంట్లో ఉండరు, స్తంభం మీద ఉంటారు. నా సాధనంతా ఆయన పనికి పోయినప్పుడే. మొన్న గాలివానకు జూలూరుపాడు వైపు తీగ తెగితే పొద్దున్నే పోయారు. నేను తలుపు వేసుకుని నా ముప్పై వరసలూ కొట్టి, తలుపు తీసి చూద్దును కదా, వాకిట్లో బండి మీద, రెయిన్ కోటుతో, తడుస్తూ కూర్చుని ఉన్నారు.

"ఎంతసేపైంది వచ్చి?" అన్నాను.

"ఓ అర్ధగంట. నేనొస్తే ఆపుతవని లోపటికి రాలే."

"చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటరు, ఇంట్ల కోతి జొచ్చిందని జయరాజ్ బయట గూసున్నడు అనుకుంటరు."

రెండు రోజులు ఆయనకు టీ ఆలస్యంగా ఇచ్చాను.

నీకు నిజంగా గుర్తులేదా? సరే, వదిలేయ్. అంత పెద్ద విషయం కాదు.

ఎఫ్ ఎట్లాగో రాయి.

పుష్పలత

*

అడవి బడి,
25 ఆగస్టు.

వదినా,

రోజుకు ముప్పై వరసలా! మా పిల్లలకు నిన్ను చూపించాలి. వాళ్ళు మూడు కొట్టి నీళ్ళు తాగడానికి పోతారు.

ఎఫ్: చూపుడు వేలు కిందినుంచి రెండో తీగ మీద, మొదటి గడి. నడిమి వేలు అన్నిటికన్నా పై తీగ మీద, రెండో గడి. రెండూ ఒకేసారి దిగాలి. దిగవు. కొన్నాళ్ళు తిట్టుకో, తర్వాత దిగుతాయి.

ఒక ముఖ్యమైన సంగతి. వట్టిగా కొట్టకు, పాడుతూ కొట్టు. పాడితే చెయ్యి తానే దారిలో పడుతుంది. సిగ్గెందుకు? నీ గొంతుకేం తక్కువ?

ఇంకో మాట. "వదిలేయ్" అని రాసిన విషయాన్ని నేను ఎప్పుడైనా వదిలానా? గుర్తుందా లేదా అని అడుగుతున్నావు, ఏది గుర్తుండాలో మాత్రం చెప్పవు. చెప్పు.

అక్సా

*

ఏన్కూరు,
23 సెప్టెంబరు.

అక్సా,

ఈ రోజు పనులు రాయను. చేశాను, అంతే.

నిన్న ఆరాధన తర్వాత సమాజం ముందు వాయించాను. పది మంది. ఇంట్లో నలభై వరసలు తప్పు లేకుండా కొట్టి మరీ పోయాను. వాళ్ళు పాట ఎత్తుకున్నారు, నేను అందుకున్నాను. రెండో పాదానికే అందరం తలో దారిలో ఉన్నాం. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ అంతే. మూడోసారి విశ్రాంతమ్మ చెయ్యెత్తి ఆపింది.

"పుష్పా, తప్పుగ అనుకోకు గాని, గిది కుంటుతుంది. మేం చప్పట్లు కొట్టేకాడ నువ్వు ఆగుతున్నవ్. నువ్వు కొట్టేకాడికి మేం దాటిపోతున్నం."

నేను నోటుపుస్తకం తీసి చూపించాను. ఆరు గళ్ళు, అన్నిటిలో టిక్కులు. "గది నిజమే, నేను కాదంటలేను. గాని పాట గా గళ్ళల్ల లేదు కదనే," అంది. మాటలో కోపం లేదు. అందుకే ఎక్కువ బాధయింది. నవంబరు మూడు, ఆదివారం వరకు గడువు. అప్పటికీ కుదరకపోతే ఖమ్మం మనిషికి చెప్పేస్తారు. నేను మళ్ళీ పాటల వరసలో, రెండో చోట, మామూలుగా.

నువ్వు పాడుతూ కొట్టమన్నావు. సిగ్గెందుకన్నావు. కాబట్టి చెబుతున్నాను.

నా పెళ్ళైన మొదటి క్రిస్మస్. నీకు పద్నాలుగేళ్ళు, అప్పటికే పాటల వరసకు నువ్వే పెద్ద. మూడు రోజులు అందరితో పాటు నేర్చుకున్నాను. పండుగ ముందు రోజు నన్ను మందిరం వెనక్కి పిలిచి, చేతిలో సగం జామకాయ పెట్టి, "వదినా, నువ్వు పెదవులు కదుపు చాలు. నువ్వు పాడితే పాట తప్పుతుంది" అన్నావు. నవ్వుతూనే అన్నావు. నేను కొత్త కోడలిని. కదిపాను. నువ్వు ఆ ఒక్క పండుగకే అనుకుని ఉంటావు. కానీ ఆ తర్వాత ఎవరూ "ఇక పాడు" అనలేదు. నేనూ ఆపలేదు. ఇరవై ఆరేళ్ళుగా కదుపుతూనే ఉన్నాను. మీ అన్నకు కూడా తెలియదు.

నా గొంతుకేం తక్కువో నువ్వే చెప్పాలి.

పుష్పలత

*

అడవి బడి,
6 అక్టోబరు.

వదినా,

నాకేం గుర్తులేదని రాద్దామని కూర్చున్నాను. రాస్తుంటే జామకాయ గుర్తొచ్చింది. దానితో పాటు మిగతాదీ గుర్తొచ్చింది.

నిజం రాస్తాను. తప్పింది నువ్వు కాదు. నీ గొంతు పెద్దది. నువ్వు ఎత్తుకుంటే నా గొంతు దాని కింద పడిపోయేది. ఆ మూడు రోజులూ వెనక బెంచీల వాళ్ళు "ఎవలే ఆ కొత్త పిల్ల" అని అడుగుతూనే ఉన్నారు. అప్పటిదాకా అందరూ అడిగింది నా గురించి. నేను కంగారుపడి శ్రుతి తప్పాను, తప్పు నీ మీద వేశాను. ఆ తర్వాత మరిచిపోయాను. మరిచిపోవడం నాకంత తేలికైందంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. నన్ను క్షమించు.

ఇప్పుడు నీ కుంటు సంగతి. ఉత్తరం చదివి గంటసేపు వాయించాను, ఎక్కడ తేడా వస్తుందో చూద్దామని. నాకు తెలియలేదు. నా చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది, నేను చూడను. అందుకని పుల్లమ్మను ఎదురుగా కూర్చోబెట్టి, "నా చెయ్యి ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కపెట్టు" అన్నాను. ఆమె పప్పు గరిటె ఒళ్ళో పెట్టుకుని, చూసి చూసి, "ఎనిమిది" అంది.

"ఆరు కదనే?"

"సప్పుడు ఆరే టీచరమ్మా. చెయ్యి ఎనిమిది. రెండుసార్లు ఊకెనే తిరిగొస్తుంది, తీగకు తాకుతలేదు."

నేను నివ్వెరపోయాను వదినా. నేర్పే మనిషిని నేను, నాకే తెలియదు! మొదటి కింద అయ్యాక చెయ్యి ఊరికే పైకి వస్తుంది. నడుమ రెండు పైనలు ఉన్నాయి కదా, ఆ రెంటికీ మధ్య చెయ్యి ఊరికే కిందికి దిగుతుంది. తగలదు, కానీ దిగుతుంది. నువ్వు ఆ రెండుచోట్లా చెయ్యి ఆపేస్తున్నావు. లెక్కలో లేవు కాబట్టి. నేను చెప్పలేదు కాబట్టి.

కింద, (పైన), కింద, పైన, (కింద), పైన, కింద, పైన.

బ్రాకెట్లలో పెట్టినవి తగలకూడదు. కానీ చెయ్యి అటు పోయి రావాలి, ఎక్కడా ఆగకూడదు.

ఈ ఖాళీ దెబ్బల గురించి రాత్రంతా ఆలోచించాను. నీ ఇరవై ఆరేళ్ళూ అట్లాంటివే కదా అనిపించింది. వినపడలేదు గాని, తాళం నిలబెట్టింది అవే.

అక్సా

*

ఏన్కూరు,
4 నవంబరు, సోమవారం.

ఈ రోజు పనులు: దుప్పట్లు మూడు. కారం పట్టించి జాడీకెత్తాను. అన్నం ఒకసారి మాడింది, రెండోసారి వండాను. కారణం కింద రాశాను.

అక్సా,

ముందుగా ఆ చివరి పేరా. అటువంటి వేదాంతం నాకు రాయకు. ఖాళీ దెబ్బ ఎందుకంటే చెయ్యి ఆగకుండా ఉండటానికి. నేను నోరు మూసుకున్నది ఎందుకంటే నువ్వు మూసుకోమన్నందుకు. రెంటినీ ఒకే గాటన కట్టకు.

ఇక ఎనిమిది సంగతి. మొదట ఒప్పుకోబుద్ధి కాలేదు. తాకని దెబ్బను పుస్తకంలో ఏమని రాస్తాం? ఒక వారం అట్లాగే మొండికేశాను. చివరికి కొత్త పేజీలో ఎనిమిది గళ్ళు గీసి, రెండోదాంట్లో, అయిదోదాంట్లో సున్నా పెట్టాను. సున్నా అయినా గడి గడే. చెయ్యి ఆ గడి దాటే పోవాలి. అదే రోజు సాయంత్రానికి కుంటు పోయింది. రెండున్నర నెలలు తప్పుడు లెక్కను తప్పు లేకుండా రాశానన్నమాట. పుల్లమ్మకు నా వందనాలు చెప్పు. ఆమె నీకన్నా మంచి టీచరు.

నిన్న సమాజం ముందు వాయించాను. విశ్రాంతమ్మ చివరిదాకా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఊఁ, నడుస్తుంది. ఖమ్మం ఆయన వద్దు తియ్" అంది. ఆమె నోట అది పొగడ్తే.

"నా గొంతు దాని కింద పడిపోయేది" అని రాశావు. ఆ మాట నాలుగుసార్లు చదివాను. ఈ రోజు పొద్దున అయిదోసారి చదివి, పొయ్యి మీద అన్నం ఉండగానే, యుకులేలే తీసుకుని కోత పాట మొత్తం పాడాను. గొంతెత్తి. మీ అన్న పెరట్లో నుంచి పరుగెత్తుకొచ్చారు.

"ఎవలొచ్చిన్రు ఇంట్లకి?"

"ఎవరూ రాలేదు."

"మరి పాడిందెవలు?"

నేనే అన్నాను. ఆయన మంచం మీద కూర్చుని, "మళ్ళొకపారి పాడు" అన్నారు. పాడాను. అన్నం అప్పుడు మాడింది. ఈసారి ఆయనకు టీ తొందరగానే ఇచ్చాను.

క్షమించమన్నావు. అది నా దగ్గర ఉంది. ఊరికే ఇవ్వను. ఈ నెల ఇరవై నాలుగున కోత పండుగకు నువ్వు ఎట్లాగూ వస్తావు. వచ్చి, పాటల వరసలో రెండో చోట, నా చోట్లో నిలబడు. పాట మొదలు నుంచి చివరిదాకా పెదవులు మాత్రం కదుపు. ఒక్క చప్పుడు బయటికి రాకూడదు. నేను వాయిస్తూ పాడతాను. ఇరవై ఆరేళ్ళకు ఒక్క పాట. వడ్డీ వదిలేశాను.

పుష్పలత

*

అడవి బడి,
12 నవంబరు.

అప్పులవాళ్ళ కన్నా గట్టి వదినా,

ఒక్క చప్పుడు కూడానా? చరణం చివర చిన్నగా "ఆ" అన్నా ఒప్పుకోవా? మూడు చరణాలు వదినా, మూడు! నేను నిద్రలో కూడా పాడతానని పక్క గది టీచరు ఫిర్యాదు చేసింది. పోనీ రెండు చరణాలు కదుపుతా, మూడోది పాడనీ.

సరే, సరే. నీ మొహం ఎట్లా పెట్టి ఉంటావో ఇక్కడికే కనపడుతోంది. వస్తాను. కదుపుతాను.

నిన్న అద్దం ముందు నిలబడి అలవాటు చేసుకుందామని చూశాను. ఒక్క చరణానికే దవడలు నొచ్చాయి. లోపల పాట నిండుగా ఉంది, బయటికి పోవడానికి దారి లేదు. సగంలో ఆపి మంచం మీద కూర్చున్నాను. వేదాంతం రాయొద్దన్నావు కాబట్టి ఏం తోచిందో రాయను.

అక్సా

*

ఏన్కూరు,
25 నవంబరు, సోమవారం.

ఈ రోజు పనులు: పండుగ గిన్నెలు మందిరానికి తిరిగి ఇవ్వడం, అయింది. అయిదు చీరలు నానబెట్టాను. మధ్యాహ్నం నిద్రపోయాను, ఇది పని కాదు, అయినా రాస్తున్నాను.

అక్సా,

నువ్వు మూడు గంటల బస్సుకు పరుగెత్తావు. తర్వాత జరిగింది నీకు తెలియాలి. అంతకన్నా ముందు నువ్వు నిలబడ్డ చోటు నుంచి కనపడనిది ఒకటి చెప్పాలి.

రెండో చరణంలో మనవాళ్ళు ఎప్పటిలాగే ఉరకలెత్తారు. నా ఎడమ చెయ్యి ఎఫ్‌కు పోబోయి ఎటో పోయింది. ఏ తీగ ఏదో తెలియలేదు. పాత రోజుల్లో అయితే ఆగిపోయేదాన్ని. కుడి చెయ్యి ఆపలేదు. తీగలకు ఎడంగా, ఒక్కటీ తాకకుండా, కిందికీ పైకీ తిప్పుతూనే ఉన్నాను. రెండు పాదాలు మొత్తం సున్నాలే. వాద్యం లేకపోయేసరికి ఆడవాళ్ళు బెదిరి గొంతు తగ్గించారు. ఆ సమయంలో నిన్ను చూశాను. నీ మెడ నరాలు లేచి ఉన్నాయి. ఒక్క "ఆ" అని ఉంటే అందరూ నీ వెనక నిలబడేవాళ్ళు. నువ్వు నా వంక చూస్తూ పెదవులు కదిపావు. అంతే.

ఇంక ఎవరున్నారు? నేనే ఎత్తుకున్నాను. రెండు పాదాలు నా గొంతు ఒక్కటే, మందిరమంతా. తర్వాత వేళ్ళు దొరికాయి, తీగలు దొరికాయి, అందరూ వచ్చి కలిశారు.

నువ్వు పోయాక, చివరి బంతి భోజనాల దగ్గర విశ్రాంతమ్మ నా పక్కన కూర్చుంది.

"నడిమిట్ల వాయించుడు ఆపినవ్ చూడు, గది మంచిగుండె. ముందే అనుకున్నవా?"

అవునన్నాను. దేవుడు క్షమించాలి.

"గాని పుష్పా, ఓ మాట చెప్త, ఏమనుకోకు. గొంతు జర తగ్గియ్యాలె. మైకు లేకున్నా నీదే ఇనబడుతుంది. పక్కన మావి ఉన్నయో లేవో తెల్వకపాయె. ఆ అక్సాదైతే ఒక్క ముక్క ఇనబడలే పాపం. జలుబు చేసిందా?"

చూస్తానన్నాను. తగ్గించను.

ఇంటికొస్తుంటే మీ అన్న బండి ఆపి, ఏమైంది, ఏడుస్తున్నవా నవ్వుతున్నవా అని అడిగారు. పోనివ్వండి అన్నాను.

పుస్తకంలో నిన్నటి తేదీ కింద ఇట్లా రాశాను, నువ్వూ రాసి పెట్టుకో: అక్సా తన వదినకు ఇవ్వవలసిన పాట ఒకటి. ముట్టింది. ఇక బాకీ లేదు.

పుష్పలత